లండన్ ప్రామ్స్‌లో లైవ్ ఆర్కెస్ట్రా వినడం ఎలా: ఒకరు హాల్లో, ఒకరు బరంపురంలో రేడియో దగ్గర

మా బరంపురంలో ఆర్కెస్ట్రా అన్నారంటే కీబోర్డూ ప్యాడ్లూ పెట్టుకుని స్టేజి మీద సినిమా పాటలు పాడే బ్యాచే. ఒడియా వాళ్ళు దాన్నే మెలోడీ అంటారు, ఠాకురాణి యాత్ర రోజుల్లో ఆ బాక్సుల హోరుకి కిటికీ అద్దాలు కూడా అదురుతుంటాయి. అందుకని 2024 ఆగస్టులో లండన్‌లో మా అమ్మాయి "అమ్మా, ఆర్కెస్ట్రాకి వెళ్దాం, 8 పౌండ్లే టికెట్, కాకపోతే నిలబడి వినాలి" అంటే నాకు నవ్వొచ్చింది. 8 పౌండ్లంటే అప్పటి లెక్కకి ఎనిమిదొందల యాభై రూపాయలు, అంత పోసి రెండు గంటలు నిలబడ్డం ఏటమ్మా అన్నాను. తీరా వెళ్ళాక రెండు గంటలూ ఎలా గడిచాయో తెలీలేదు. అదే కచేరీని ఇక్కడ మా ఆయన అర్ధరాత్రి ఇంట్లో ముందుగదిలో లైటు ఆర్పేసుకుని రేడియోలో విన్నారు. ఆయన రిటైరయిన ఫిజిక్స్ మేష్టారు, రేడియో పిచ్చి చిన్నప్పట్నుంచీ ఉంది, విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్ మీద పెట్టిన ముల్లు మా ఇంట్లో ఎవరూ కదపకూడదు.

తిరిగొచ్చిన దగ్గర్నుంచి మా వీధిలో, పిల్లలు లండన్‌లో ఉన్నవాళ్ళందరూ ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు, వదినా ఎలా వెళ్ళాలి, మనకి అర్థమవుతుందా, చీర కట్టుకుంటే ఏమైనా అంటారా అని. పురిటికో, వేసవికో వెళ్ళి ఆర్నెల్లు వంటింట్లో ఉండి వచ్చేవాళ్ళే మనలో ఎక్కువ కదా, ఒక్క సాయంత్రం దీనికి తీసుకోండి. విడివిడిగా చెప్పలేక ఇక్కడ మొత్తం రాసేస్తున్నా.

అసలు ఇదేంటంటే

పేరు బీబీసీ ప్రామ్స్. ప్రామెనేడ్ అంటే అటూ ఇటూ తిరగడం, ఆ మాటనే పొట్టి చేశారు. 1895లో లండన్‌లో క్వీన్స్ హాల్ అనే చోట మొదలైంది, హెన్రీ వుడ్ అనే ఆయన నడిపించాడు. పెద్దింటోళ్ళకే అలవాటైన సంగీతాన్ని తక్కువ టికెట్ పెట్టి, కుర్చీలు తీసేసి, మామూలు జనానికి వినిపిద్దామని ఉద్దేశం. 1927లో బీబీసీ చేతికొచ్చింది, 1941లో జర్మనీ వాళ్ళ బాంబులకి క్వీన్స్ హాల్ తగలబడిపోతే రాయల్ ఆల్బర్ట్ హాల్‌కి మారింది. జులై మధ్యలో మొదలై సెప్టెంబర్ రెండో వారం దాకా దాదాపు ఎనిమిది వారాలు, ఒక్కో రోజు రెండేసి కూడా ఉంటాయి. ప్రతి కచేరీ బీబీసీ వాళ్ళ సంగీతం ఛానెల్, రేడియో 3లో లైవ్.

ఇక్కడ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోండి, మిగతావన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. స్టేజి పైన తీగలకి చిన్నచిన్న మైకులు వేలాడుతుంటాయి, కానీ అవి మీకోసం కాదు. హాల్లో ఉన్న ఐదు వేల మందికి పైగా జనానికి స్పీకర్లలోంచి ఏమీ రాదు, ఎనభై తొంభై మంది వాయిస్తే వచ్చిన శబ్దం గాల్లో ఎంత దూరం వెళ్తే అంతే. ఆ మైకులు రేడియో వాళ్ళవి. అవి వయొలిన్నీ పట్టుకుంటాయి, మీ దగ్గునీ పట్టుకుంటాయి. మీరు చూడ్డానికి వెళ్ళారని అనుకుంటారు గానీ రేడియోలో ఎక్కడో వినేవాడికి ఆ హాలు అంటే మీరే, మీ చప్పట్లూ మీ నిశ్శబ్దమూ అన్నీ వాడికి కచేరీలో భాగమే.

ఏ రోజుది ఎంచుకోవాలి

ఆ ఏడాది కచేరీల పట్టిక వేసవికి ముందే వచ్చేస్తుంది. ఆఖరి రోజు, లాస్ట్ నైట్ అంటారు, దానికి వెళ్దామని మాత్రం అనుకోకండి, జెండాలూ గోలా బాగానే ఉంటుంది గానీ టికెట్ దొరకడం కష్టం, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి సంగీతం కన్నా తిరనాళ్ళే కనపడుతుంది. నా మాట వింటే ఒక కాన్సర్టో, ఒక సింఫనీ ఉన్న రోజు చూసుకోండి. కాన్సర్టో అంటే ఒక విద్వాంసుడు ముందు నిలబడి వాయిస్తుంటే వెనక ఆర్కెస్ట్రా జవాబిస్తుంది, మన చెవికి అదే తొందరగా పట్టుబడుతుంది, మనకి కచేరీ అంటే ముందు ఒక మనిషి ఉండాలి కదా. సింఫనీ అంటే అలా ఒక్కరు ముందుండకుండా ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే పెద్ద ముక్క.

మేం వెళ్ళిన రోజు డేనియల్ బారెన్‌బోయిమ్ కండక్టర్, అంటే చేతి సైగలతో అందర్నీ కలిపి నడిపించే ఆయన, వాయించింది వెస్ట్ ఈస్టర్న్ దివాన్ ఆర్కెస్ట్రా. ఇజ్రాయెల్ వాళ్ళూ అరబ్బుల పిల్లలూ పక్కపక్కన కూర్చుని వాయించాలని 1999లో ఆయనా, ఎడ్వర్డ్ సైద్ అనే పాలస్తీనా మేధావీ కలిసి పెట్టింది అది. ఆయనకి అప్పటికి 81 ఏళ్ళు, కూర్చునే నడిపించారు, చెయ్యి ఇంతంత మాత్రమే కదిపేవారు, అయినా అందరూ ఆ చెయ్యి వైపే. (మా ఇంట్లో "కండక్టర్ ఎవరు" అంటే "కళ్ళికోట బస్సుకా?" అని మా ఆయన జోకు, ముప్ఫయ్యేళ్ళుగా అదే జోకు.) మొదట బ్రామ్స్ అనే ఆయన రాసిన వయొలిన్ కాన్సర్టో, వాయించింది ఆన్నె సోఫీ ముటర్, తర్వాత షూబర్ట్ అనే ఆయన రాసిన పెద్ద సింఫనీ.

వెళ్ళేముందు అవే రెండూ ఫోన్‌లో కనీసం మూడుసార్లు వినండి. కూర్చుని శ్రద్ధగా వినక్కర్లేదు, కూరలు తరుగుతూ వినండి చాలు. మనకి తెలిసిన పాట హాల్లో ఎదురైతే ఊరుకాని ఊళ్ళో మనవాళ్ళు కనపడ్డట్టు ఉంటుంది. మా అమ్మాయి నాకు ఒక్క గుర్తు చెప్పింది, అది చాలా పనికొచ్చింది. బ్రామ్స్‌ది మూడు భాగాలు, మొదటిదే ఇరవై నిమిషాలు దాటుతుంది, దాని చివర్లో ఆర్కెస్ట్రా అంతా ఆగిపోయి వయొలిన్ ఒక్కటే తన ఇష్టంగా వాయించే చోటు ఒకటుంది, కేడెంజా అంటారు. మన తని ఆవర్తనం టైములో పాడేవాళ్ళు చేతులు కట్టుకుని మృదంగం వైపు చూస్తుంటారే, అచ్చం అలాగే అందరూ ఆమె వైపు చూస్తూ కూర్చున్నారు. రెండో భాగం మొదలవ్వగానే పాటంతా ఓబో ఎత్తుకుంటుంది, వయొలిన్ ఆవిడ ఊరికే నిలబడి ఉంటుంది. ఓబో అంటే మన సన్నాయికి దూరపు చుట్టం, రెండు పీకలు కలిపి కట్టి ఊదేదే, గొంతు మాత్రం సన్నగా, కాస్త ముక్కుతో పాడినట్టు. సరసాతే అనే స్పెయిన్ వయొలిన్ విద్వాంసుడు, ఓబో వాడు పాడుతుంటే నేను వయొలిన్ పట్టుకుని నిలబడాలా అని ఈ కాన్సర్టో వాయించనే లేదని చెప్తారు. పెళ్ళిలో సన్నాయి వాళ్ళకీ డోలు వాళ్ళకీ వచ్చే తగూలాంటిదే.

టికెట్ సంగతి

రెండు రకాలు. కుర్చీ టికెట్లు మే నెల ప్రాంతంలో అమ్మకానికి పెడతారు, ధర చోటుని బట్టి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, బీపీ మందులు వేసుకునేవాళ్ళు మొహమాటపడకుండా ఇవే తీసుకోండి. క్వైర్ సీట్లని స్టేజి వెనకవైపు ఉంటాయి, అక్కణ్ణుంచి వాయించేవాళ్ళ వీపులు కనపడతాయి గానీ కండక్టర్ మొహం మనకి ఎదురుగా ఉంటుంది, డ్రమ్ముల వాళ్ళ పక్కనే కూర్చున్నట్టుంటుంది, నాకైతే ఈసారి అక్కడే కూర్చోవాలనుంది.

రెండోది నిలబడే టికెట్, ప్రామింగ్ అంటారు, మేం వెళ్ళిన 2024లో 8 పౌండ్లు. ఇది కచేరీ రోజు పొద్దున్నే ఆన్‌లైన్లో పెడతారు, ఎన్ని గంటలకనేది ఆ ఏడాది సైట్లో చూసుకోండి, పెద్ద పేరున్న రోజైతే నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి పిల్లలకి అప్పజెప్పండి, మన రైలు తత్కాల్ అలవాటున్నవాళ్ళకి ఇది లెక్కే కాదు. నిలబడే చోట్లు కూడా రెండు, స్టేజి ముందు నేల మీద అరీనా, ఎక్కడో పైన గుమ్మటం కింద గ్యాలరీ. అరీనాలో వాయించేవాళ్ళ వేళ్ళు కనపడతాయి. గ్యాలరీలో మనుషులు చీమల్లా ఉంటారు కానీ చోటు ఖాళీగా ఉంటే గోడకి ఆనుకుని కింద కూర్చుని, కొందరైతే పడుకుని కళ్ళు మూసుకుని వింటారు, ఎవరూ ఏమీ అనరు. పైకి లిఫ్ట్ ఉంది.

ఇంట్లో రేడియో దగ్గర ఉండేవాళ్ళకి

ఇది ఎవరూ రాయరు గానీ సగం సంబరం ఇక్కడే ఉంది, ఊళ్ళో ఉండిపోయిన మనిషిని కూడా లెక్కలో వేసుకోండి.

ముందు టైము. వేసవిలో లండన్‌కీ మనకీ నాలుగున్నర గంటల తేడా, అక్కడ సాయంత్రం ఏడున్నర అంటే ఇక్కడ సరిగ్గా రాత్రి పన్నెండు. మా ఆయన మధ్యాహ్నం నిద్రపోయి, రాత్రి తొమ్మిదికి తినేసి, ఫ్లాస్కులో టీ పెట్టుకుని కూర్చున్నారట. మామూలు ట్రాన్సిస్టర్లో రేడియో 3 మనకి రాదు, అది అక్కడి ఎఫ్ఎంలో 90 నుంచి 93 మధ్య వస్తుంది. ఇక్కడ ఇంటర్నెట్టే దిక్కు. మేం విన్నప్పుడు బీబీసీ సౌండ్స్‌లో నేరుగా వచ్చింది, 2025లో బయటి దేశాల వాళ్ళకి ఆ యాప్ ఆపేశారు, కాబట్టి కచేరీకి రెండ్రోజుల ముందే బీబీసీ సైట్లో ఏ దారి ఉందో మీ ఫోన్‌లో పెట్టి చూసుకోండి, ఆ రాత్రి పదకొండున్నరకి లండన్‌కి ఫోన్ చేసి "రావట్లేదే" అనకుండా.

డేటా గురించి భయపడక్కర్లేదు. 128 కిలోబిట్ల మీద వస్తే గంటకి 58 ఎంబీ, 320 మీద వచ్చినా 144 ఎంబీ, రెండున్నర గంటలకి వేసుకోండి. ఫోన్ చార్జింగ్ మాత్రం నిండుగా ఉండాలి, మన ఊళ్ళో వానొస్తే కరెంటు సంగతి తెలుసు కదా, పోతే వైఫై కూడా పోతుంది, సిమ్ డేటా పక్కన పెట్టుకోవాలి.

ఇంక అసలు విషయం, శబ్దం. సినిమా పాట మొదట్నుంచి చివరిదాకా దాదాపు ఒకే ఎత్తులో ఉంటుంది, రోడ్డు మీద కూడా వినబడాలని అలా కలుపుతారు. ఆర్కెస్ట్రా అలా కాదు, ఒకచోట ఊపిరి తీసినంత మెల్లగా, ఇంకోచోట ఇల్లు ఎగిరిపోయేంత. చాలామంది మెల్లగా ఉన్నచోట వినబడట్లేదని వాల్యూమ్ పెంచేస్తారు, తర్వాత ఒక్కసారి అందరూ అందుకునేసరికి పక్కింటి వాళ్ళు లేస్తారు. మా ఆయన పద్ధతి ఏంటంటే, కచేరీకి ముందు మాట్లాడే అనౌన్సర్ గొంతు ఎదురుగా కూర్చున్న మనిషి మాట్లాడినంత వినబడేలా పెట్టుకోవడం, ఇక దాన్ని ముట్టుకోకపోవడం. ఫోన్ స్పీకర్ వద్దు, అందులో చెల్లో, డబుల్ బేస్, అంటే లావు గొంతున్న పెద్ద వయొలిన్లలాంటివి, అసలు పలకవు, ఉన్నవి వయొలిన్లేనా అనిపిస్తుంది. వైరున్న ఇయర్‌ఫోన్ అయినా సరే, పాత టేప్‌రికార్డర్ బాక్సులకి తగిలించినా సరే.

ఫ్యాన్ కట్టేయాలి. ఆగస్టులో బరంపురంలో ఫ్యాన్ కట్టడం అంటే శిక్షే, తెలుసు. కానీ షూబర్ట్ సింఫనీ మొదలయ్యేది రెండు హార్న్‌లతో, అంటే ఇత్తడి కొమ్ముబాకాలతో, ఆ రెండే, ఇంకేం ఉండదు, దూరంగా కొండ అవతల ఎవరో పిలుస్తున్నట్టుంటుంది, ఫ్యాన్ తిరుగుతుంటే ఆ పిలుపే వినబడదు. మా ఆయన తుండుగుడ్డ తడిపి మెడ మీద వేసుకుని విన్నారు. ఆ షూబర్ట్ 31 ఏళ్ళకే 1828లో పోయాడు, ఆ సింఫనీని 1839లో లైప్‌జిగ్‌లో మొదటిసారి వాయించారు, అంటే రాసినవాడు వినకుండానే పోయాడు. అది తెలిశాక ఫ్యాన్ పెద్ద త్యాగమేం కాదులే అన్నారు.

ఆ రోజు బయల్దేరేముందు

డ్రస్ నియమం ఏమీ లేదు, నిక్కర్లతో వచ్చినవాళ్ళూ ఉన్నారు. నేను బరంపురం పట్టుచీర కట్టుకున్నా, క్యూలో ముగ్గురు అంచు చూసి అడిగారు, ఏ ఊరిదని, మగ్గమా మిషనా అని, ఇక్కడ ఎవరూ అంత శ్రద్ధగా అడగలేదు. కానీ ఒక్క తప్పు చేశా, గాజులు, ఆ కథ కిందకి వస్తుంది. కాళ్ళకి మెత్తటి బూట్లు, చీర కిందైనా సరే. లోపల వేడిగానే ఉంటుంది గానీ తిరిగొచ్చేటప్పుడు చలి, శాలువా ఉండాలి. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. గొంతులో గరగర ఉన్నవాళ్ళు రెండు లవంగాలు బుగ్గన పెట్టుకోండి, బిళ్ళలైతే ముందే కాగితం విప్పి రుమాల్లో పెట్టుకోండి, ఆ కాగితం చప్పుడు దగ్గుకన్నా ఘోరం, ఎంత మెల్లగా విప్పితే అంతసేపు సాగుతుంది.

సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్లో దిగి పది పదిహేను నిమిషాల నడక, లేకపోతే 9వ నంబరు, 52వ నంబరు బస్సులు హాలు దగ్గరకే వెళ్తాయి. నిలబడే టికెట్ ఉన్నా ముందు వరస కావాలంటే క్యూలో ముందుండాలి. మేం పులిహోర డబ్బా పట్టుకెళ్ళి క్యూలోనే మెట్ల మీద తిన్నాం, మా ముందున్న ముసలాయన నలభై ఏళ్ళుగా వస్తున్నానని చెప్పి మాకు తన కుర్చీ పది నిమిషాలు ఇచ్చాడు, మేం ఆయనకి పులిహోర పెట్టాం, మిరపకాయ తీసి పక్కన పెట్టి మిగతాదంతా తిన్నాడు. లోపలికెళ్ళే ముందే బాత్‌రూమ్ పని చూసుకోండి, ఇంటర్వెల్లో ఆడవాళ్ళ క్యూ జగన్నాథుడి రథం కదిలినట్టు కదుల్తుంది.

హాల్లో ఏం జరుగుతుంది, ఎప్పుడు ఏం చెయ్యాలి

1871లో కట్టిన గుండ్రటి హాలు, పైన గాజు గుమ్మటం, దాని కింద పుట్టగొడుగుల్లాంటి బిళ్ళలు వేలాడుతుంటాయి. అవి అలంకారం కాదు, ఆ గుమ్మటం వల్ల ఒకసారి వాయించింది రెండుసార్లు వినబడేదట, ఆ ప్రతిధ్వని చావగొట్టడానికి 1969లో పెట్టారు. వెనక పెద్ద ఆర్గన్, దాని ముందు హెన్రీ వుడ్ విగ్రహం.

ముందు ఫోన్ ఆపేయండి. సైలెంట్ కాదు, ఆపేయండి, అలారం సైలెంట్లో కూడా మోగుతుంది. చెవి మిషన్ వాడేవాళ్ళు కుయ్యిమనకుండా సరిచూసుకోండి, అది పెట్టుకున్నవాళ్ళకి వినబడదు, చుట్టూ ఉన్నవాళ్ళకి వినబడుతుంది.

తర్వాత శ్రుతి. ఓబో ఒక్క స్వరం పట్టుకుంటుంది, సెకనుకి 440 కంపనాలు, కొన్ని ఆర్కెస్ట్రాలు రెండు మూడు ఎక్కువ పెట్టుకుంటాయి, దానికి మిగతా అందరూ కలుపుతారు. ఆ అర నిమిషం నాకు కచేరీ అంత ఇష్టం, తంబూరా ఎత్తుకున్నట్టే ఉంటుంది. పియానో ఉన్న రోజైతే దాని మూత ఎత్తేటప్పుడు అరీనా వాళ్ళు "హీవ్" అని, పైన గ్యాలరీ వాళ్ళు "హో" అని అరుస్తారు, బరువు లాగేవాళ్ళు ఐలేసా అన్నట్టు, కంగారు పడకండి అది వాళ్ళ ఆచారం.

ఆ తర్వాత ఏమీ జరగదు. వాయించేవాళ్ళు సిద్ధంగా ఉంటారు, జనం సర్దుకుంటారు, కండక్టర్ రాడు. ఏంటి ఆలస్యం అనుకుంటాం గానీ అప్పుడు రేడియోలో అనౌన్సర్ మాట్లాడుతుంటాడు, వాళ్ళ మాట పూర్తయి సైగ అందితేగాని తలుపు తెరుచుకోదు. మనకి ఖాళీగా గడిచిన ఆ రెండు నిమిషాలూ మా ఆయనకి హాలెలా ఉందో, ఎవరు వస్తున్నారో చెప్తూ నింపారు, వెనక జనం గుసగుస వినబడుతూనే ఉందట. రేడియోలో నిశ్శబ్దం అంటే అంత భయం. 2004లో లండన్‌లోనే బార్బికన్ హాల్లో జాన్ కేజ్ అనే అమెరికా సంగీతకారుడు రాసిన నాలుగు నిమిషాల ముప్ఫై మూడు సెకన్ల ముక్క, అంటే ఎవరూ ఏమీ వాయించని ముక్క, రేడియో 3లో వేసినప్పుడు, నిశ్శబ్దం వస్తే దానంతటదే వేరే ప్రోగ్రాం మొదలెట్టే ఏర్పాటుని ముందే ఆపాల్సి వచ్చింది.

చప్పట్లు. మనకి ఇదే పెద్ద చిక్కు, ఎందుకంటే మన కచేరీల్లో సంగతి బాగుంటే అక్కడికక్కడే భళా అంటాం, తల ఊపుతాం, తొడ మీద తాళం వేస్తాం. అక్కడ అవేమీ లేవు. మూడు భాగాలున్న ముక్కకి మూడూ అయ్యాకే చప్పట్లు. అయితే మొదటి భాగం ఆర్భాటంగా ముగిస్తే కొందరు కొట్టేస్తారు, ప్రామ్స్‌లో దాన్ని తప్పుగా చూడరు, కాబట్టి మీరు పొరపాటున కొట్టినా చచ్చిపోవక్కర్లేదు. తెలీకపోతే ఒక్క గుర్తు, కండక్టర్ చేతులు పూర్తిగా దించి ఇటు తిరిగేదాకా ఆగండి. నిజంగా చెయ్యకూడనిది ఏంటంటే, మెల్లగా ముగిసే పాటలో ఆఖరి స్వరం ఇంకా గాల్లో ఉండగానే నాకు ముందే తెలుసు అన్నట్టు బ్రావో అని అరవడం. హాల్లో అది ఒక అరుపే, రేడియోలో వినేవాడికి మాత్రం ఆ ఆఖరి స్వరం ఇక దొరకదు.

దగ్గు భాగాల మధ్యలో దగ్గుకోండి, అందరూ అప్పుడే దగ్గుతారు, అదొక కోరస్. ఆగకపోతే మోచేతి మడతలో దగ్గండి, అరచేతిలో కాదు.

ఇక గాజులు. బ్రామ్స్ రెండో భాగం, ఆ ఓబో అయిపోయి వయొలిన్ అందుకుంది, నేను మూడో వరసలో ఉన్నా, జారిన పైట సర్దుకుందామని చెయ్యెత్తా. డజను మట్టిగాజులు, మా వదిన పెట్టినవి. మామూలుగా మనకి వినబడనే వినబడదు ఆ చప్పుడు, పుట్టినప్పట్నుంచి చేతికే ఉంటాయి. అక్కడ ఐదు వేలమంది ఊపిరి బిగబట్టిన చోట గలగలమని ఒక నీళ్ళ బిందె ఒలికినట్టయింది. పక్కనున్నాయన నా మొహం వైపు కాదు, నా మణికట్టు వైపు చూశాడు. చెయ్యి దించితే మళ్ళీ మోగుతుందని ఆ భాగం అయ్యేదాకా, ఐదారు నిమిషాలు, చెయ్యి భుజం మీదే ఉంచుకుని నిలబడ్డా. తర్వాత మా అమ్మాయి జడ రబ్బరు బ్యాండు తీసి వాటిని గట్టిగా కట్టేసింది. బంగారువైతే ఒకటి చాలు, మట్టిగాజులు ఇంట్లో పెట్టి వెళ్ళండి.

ఒంట్లో బాగోకపోతే మొండిగా నిలబడకండి, కింద కూర్చోండి, పక్కన సాయం చేసేవాళ్ళు ఉంటారు. 1974లో ఆ హాల్లోనే పాడుతున్న ఆయన, థామస్ ఆలెన్, మధ్యలో కళ్ళు తిరిగి పడిపోతే, జనంలోంచి ఆ పాట తెలిసిన కుర్రాడు పాట్రిక్ మెకార్తీ స్టేజి వెనక్కి వెళ్ళి, మిగతాది తనే పాడాడు. పడిపోతే ఎవరో ఒకరు చూసుకుంటారు గానీ, మనకి ఆ చిత్రం వద్దు.

ఇంటర్వెల్లో ఇంటికి ఫోన్, ఆలస్యం లెక్క

బ్రామ్స్ అయ్యింది, చప్పట్లు ఆగీ ఆగకముందే ఫోన్ ఆన్ చేసి మా ఆయనకి కొట్టా.

"ఏవండీ, విన్నారా, అయిపోయింది."

"ఇదిగో, ఉండు, ఇక్కడ ఇంకా చప్పట్లు కొడుతున్నారు."

ఆయన ఫోన్లోంచి హోరుమని వినబడుతోంది, నేను ఇందాక కొట్టిన చప్పట్లే. నా చుట్టూ జనం అప్పటికే ఐస్‌క్రీమ్ కోసం కదుల్తున్నారు. నాకు ఒళ్ళు జలదరించింది, వెళ్ళిపోయిన అర నిమిషం బరంపురంలో ఇంకా జరుగుతున్నట్టు.

ఆయన తర్వాత లెక్క చెప్పారు, ఫిజిక్స్ మేష్టారు కదా ఊరుకోరు. శబ్దం గాల్లో సెకనుకి 340 మీటర్లు వెళ్తుంది, స్టేజికి 34 మీటర్ల దూరంలో ఉన్నవాడికి సెకనులో పదోవంతు ఆలస్యంగా చేరుతుంది. రేడియో తరంగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు, లండన్ నుంచి బరంపురం దాదాపు 8 వేల కిలోమీటర్లు, అంటే సెకనులో ముప్ఫై ఏడో వంతు. వయొలిన్ పైనే ఉన్న మైకులోంచి నేరుగా షార్ట్‌వేవ్‌లో వదిలితే, హాల్లో వెనక నిలబడ్డవాడి కన్నా ముందు మా ఇంట్లో వినబడాలి. ఇప్పుడలా రాదు. ఇంటర్నెట్లో శబ్దాన్ని ముక్కలుగా కోసి, పొట్లాలు కట్టి, మధ్యలో ఆగిపోకుండా కొంత నిలవ పెట్టుకుని పంపుతారు, అందుకే అర నిమిషం. టెక్నాలజీ పెరిగేకొద్దీ ఆలస్యం కూడా పెరిగిందే అని ఆయన గొణుగుడు. కాబట్టి మీరు ఫోన్ చేసేముందు ఒక నిమిషం ఆగండి, వాళ్ళ కచేరీ వాళ్ళని పూర్తి చేసుకోనివ్వండి.

ఇంటర్వెల్ ఇరవై నిమిషాలు. అప్పుడు రేడియోలో ఆ సంగీతం గురించి మాటలు నడుస్తుంటాయి, ఇంట్లో వాళ్ళకి టీ టైము. మళ్ళీ మొదలయ్యే ముందు అరీనా వాళ్ళు ఒక్క గొంతుతో గట్టిగా ఏదో అరుస్తారు, సంగీతకారుల సహాయ నిధులకి చందాలు ఎంత వసూలయ్యాయో చెప్పడం అది. బయటికెళ్ళేటప్పుడు డబ్బాలు పట్టుకుని నిలబడతారు, చిల్లర ఉంచుకోండి.

లండన్ వెళ్ళే పని లేనివాళ్ళకి

ఇదే మర్యాద మన ఆకాశవాణి కచేరీలకీ వర్తిస్తుంది. ఆకాశవాణి సంగీత సమ్మేళనం 1954 నుంచి ఆహ్వానితుల ముందు జరిపి, రికార్డు చేసి, తర్వాత దేశమంతా వేస్తున్నారు. ఆకాశవాణికి సొంత వాద్యబృందం కూడా ఉంది, 1952లో ఢిల్లీలో పెట్టారు, హిందుస్తానీ వైపు రవిశంకర్, కర్ణాటక వైపు టి.కె. జయరామ అయ్యర్ నడిపించారు, తర్వాత మన ఈమని శంకరశాస్త్రి గారు కూడా. దగ్గర్లో ఎప్పుడు జరుగుతుందో మీకు దగ్గరున్న స్టేషన్‌లో కనుక్కుంటూ ఉండండి, ప్రకటన వచ్చినప్పుడు పాసు అడగండి. అక్కడ కూడా మైకుంటుంది, తొడ మీద తాళం మెల్లగా వేసుకోండి.

అయిపోయాక

బయటికొచ్చేటప్పుడు తోసుకోకండి, ఆ టైములో సౌత్ కెన్సింగ్టన్ దారంతా మనుషులే, పావుగంట ఎదురుగా ఉన్న ఆల్బర్ట్ మెమోరియల్ దగ్గర నిలబడితే తర్వాత బస్సులో కూర్చునే చోటు దొరుకుతుంది. కచేరీ రికార్డింగు కొన్ని వారాలు వాళ్ళ సైట్లో ఉంచుతారు, ఆ లోపే మళ్ళీ వినండి, హాల్లో మీరు చూసిందీ రేడియో వినిపించిందీ ఒకటి కాదని అప్పుడు తెలుస్తుంది. నాకు హాల్లో అసలు వినబడని క్లారినెట్లు అందులో వినబడ్డాయి, హాల్లో నా కాళ్ళ కిందనుంచి వచ్చిన డబుల్ బేస్ అదురు అందులో లేదు.

మర్నాడు మా ఆయన ఫోన్లో మొదట అడిగింది, "రెండో భాగంలో ఏదో గలగలమంది, నీ గాజులేనా?" అని. నేను లండన్లో ఉండగానే ఆ చోటు వెతికి హెడ్‌ఫోన్ పెట్టుకుని నాలుగుసార్లు విన్నా. అక్కడ ఎవరో చిన్నగా దగ్గారు, అంతే. ఆయన మాత్రం ఇప్పటికీ ఒప్పుకోవట్లేదు, ముప్ఫయ్యేళ్ళుగా వింటున్న చప్పుడు నాకు తెలీదా అంటారు.